సస్యకణాల శక్తి వినియోగం, రోగ నిరోధకత: లింగ, వయో భేదాలు

రోగకారకాన్ని ఎదుర్కొనడం ఏ జీవికైనా ఖర్చుతో కూడిన పని. దాడి జరిగిన కణం కొత్త ప్రోటీన్లను నిర్మించాలి, కణకుడ్యాన్ని దళసరి చేసుకోవాలి, శత్రువుకు విషమయ్యే పదార్థాలను తయారుచేసి వాటిని తనకు హాని కలగని చోట దాచుకోవాలి. ఇందుకు కావలసిన ఏ.టి.పి.లో అధికభాగం మైటోకాండ్రియా సరఫరా చేస్తుంది. అందువలన ఒక కణం యొక్క శక్తి వ్యవస్థకు, దాని రోగ నిరోధకతకు విడదీయరాని సంబంధం ఉన్నదని ఇటీవలి దశాబ్దాలలో జంతు, వృక్ష శాస్త్రాలు రెండూ అంగీకరించాయి.

మానవులలో ఈ సంబంధం లింగాన్ని బట్టి, వయస్సును బట్టి మారుతుందని వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. టీకా వేసినప్పుడు స్త్రీలలో సాధారణంగా ప్రతిరక్షకాలు ఎక్కువగా తయారవుతాయి. స్వయం ప్రతిరక్షక వ్యాధులు కూడ వారిలోనే ఎక్కువ. టి-కణాలకు పాఠశాల వంటి థైమస్ గ్రంథి యౌవనం దాటకముందే కుంచించుకుపోవడం ఆరంభిస్తుంది. ప్రేరేపితమైన టి-కణం ఆక్సిజన్ లభిస్తున్నప్పటికీ గ్లూకోజును త్వరత్వరగా గ్లైకాలసిస్ మార్గంలో ఖర్చు చేస్తుంది. దీర్ఘకాలం బ్రతికే జ్ఞాపక కణం మైటోకాండ్రియా శ్వాసక్రియపై ఆధారపడుతుంది. ఈ విషయాలపై వైద్య సాహిత్యం విస్తారంగా ఉన్నది కనుక ఇక్కడ అంతకు మించి చెప్పనవసరం లేదు. వ్యవసాయ విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు: మొక్కలో ఇటువంటి భేదాలు ఉన్నాయా? ఉంటే అవి పైరును ఏ విధంగా ప్రభావితం చేస్తాయి?

ఉన్నాయి. అయితే మొక్కలో వాటిని వెదకవలసిన చోటు వేరు. మొక్కకు రక్తం లేదు, శరీరమంతటా సంచరించే రక్షక కణాలు లేవు. ప్రతి కణమూ తన రక్షణ తానే చూసుకోవాలి. అలాగే వరి, మొక్కజొన్న, సజ్జ, జొన్న వంటి పైర్లలో ఆడ, మగ అవయవాలు ఒకే మొక్కపై ఉంటాయి. కనుక ఇక్కడ లింగభేదం అంటే ఒక మొక్కకూ మరొక మొక్కకూ మధ్య ఉన్న భేదం కాదు. ఒకే మొక్కలో ఒక అవయవానికీ మరొక అవయవానికీ మధ్య ఉన్న భేదం. తాటి, దొండ వంటి ఏకలింగాశ్రయ మొక్కలు ఇందుకు మినహాయింపు. వాటిలోనూ విచిత్రాలున్నాయి. సైలీన్ అనే ఐరోపా పూల మొక్కకు పరాగకోశాలను ఆశించే కాటుక శిలీంధ్రం సోకితే, ఆడ మొక్క సైతం కేసరాలను పెంచుతుంది. ఆ కేసరాలలో పుప్పొడికి బదులు శిలీంధ్ర బీజాలు నిండుతాయి. రోగకారకానికి మగ అవయవం కావలసివచ్చి, లేనిచోట దానిని పుట్టించుకున్నదన్నమాట.

మగ అవయవానికి అయ్యే శక్తి వ్యయం

పుప్పొడి తయారీ మొక్క చేసే పనులలో అధిక శక్తివ్యయంతో కూడినది. పరాగకోశం లోపలి గోడను ఆనుకొని టపీటం అనే ఒక కణవరుస ఉంటుంది. ఎదుగుతున్న పుప్పొడి రేణువులకు దాదిలాగ ఆహారం అందించి, పని ముగిసిన వెంటనే తాను నశించడం దాని ధర్మం. లీ, వార్మ్‌కీ అనే పరిశోధకులు మొక్కజొన్న పరాగకోశాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి 1979లో ఒక ముఖ్యమైన లెక్కను ప్రకటించారు. పరాగకోశం ఎదిగే క్రమంలో ఒక్కొక్క టపీటం కణంలోని మైటోకాండ్రియాల సంఖ్య సుమారు 40 రెట్లు, పుప్పొడి మాతృకణాల వరుసలో సుమారు 20 రెట్లు పెరుగుతుంది. ఆకులో గాని, వేరులో గాని ఇంతటి పెరుగుదల కనిపించదు.

మగ పువ్వు ఎంత శక్తిని దహించగలదో కంద జాతి మొక్కలు మరింత స్పష్టంగా చూపుతాయి. మన కంద పుష్పవిన్యాసం వికసించే సమయంలో చేయి ఆనిస్తే వెచ్చదనం తెలుస్తుంది. ఇదే కుటుంబానికి చెందిన సారోమాటం అనే మొక్కలో ఈ వేడికి సంకేతం మగ పువ్వుల మొగ్గల నుండి వెలువడుతుంది. ఆ సంకేత పదార్థం సాలిసిలిక్ ఆమ్లమని రాస్కిన్, ఆయన సహచరులు 1987లో నిరూపించారు. మైటోకాండ్రియాలో ఏ.టి.పి. తయారుచేయకుండా శక్తిని నేరుగా వేడిగా విడుదల చేసే ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్ మార్గాన్ని అది తెరుస్తుంది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే, అదే సాలిసిలిక్ ఆమ్లం మొక్కల రోగ నిరోధకతకు ప్రధాన సంకేతమని పొగాకు, దోస మొక్కలపై జరిగిన పరిశోధనలలో తేలింది. మగ పువ్వులోని వేడికీ, ఆకులోని రోగ నిరోధకతకూ ఒకే అణువు సంకేతం కావడం యాదృచ్ఛికమని కొట్టివేయవచ్చు. నా దృష్టిలో మాత్రం రెండింటికీ కూడలి మైటోకాండ్రియాయే.

ఇంతటి భారాన్ని మోసే ఈ మైటోకాండ్రియా మొక్కజొన్నలోను, వరిలోను తల్లి నుండే సంతతికి సంక్రమిస్తుంది. పుప్పొడి ద్వారా అది ముందుతరానికి పోదు. అనగా మగ అవయవాన్ని దెబ్బతీసే లోపం మైటోకాండ్రియా జన్యువులలో తలెత్తితే, విత్తనానికి హాని చేయనంత వరకు ఆ లోపం ప్రకృతి వరణంలో వడకట్టబడదు. సైటోప్లాజ పురుషవంధ్యత్వం పుట్టుక ఇదే. 1931లో మార్కస్ రోడ్స్ దీనిని మొక్కజొన్నలో వర్ణించారు. సంకర విత్తన పరిశ్రమ నిలబడి ఉన్నది చాలావరకు ఈ లోపం మీదనే.

టెక్సాస్ సైటోప్లాజం చరిత్ర

సంకర మొక్కజొన్న విత్తనం తయారుచేయాలంటే ఆడ వరుసలలోని మగ కంకులను పుప్పొడి రాలకముందే చేతితో లాగివేయాలి. అమెరికాలో ఈ పనికి వేసవిలో వేలాది కూలీలు అవసరమయ్యేవారు. 1952లో రోజర్స్, ఎడ్వర్డ్‌సన్ టెక్సాస్ సైటోప్లాజాన్ని ఉపయోగించే విధానాన్ని ప్రచురించడంతో ఆ అవసరం తీరింది. ఈ సైటోప్లాజం ఉన్న మొక్క పుప్పొడి ఇవ్వదు. తక్కిన అన్ని విషయాలలో ఆరోగ్యంగా ఉంటుంది. మగ జనకంలోని పునరుద్ధారక జన్యువుల వలన రైతు పొలంలోని సంకరానికి పుప్పొడి తిరిగి వస్తుంది. పరిశ్రమ దీనిని ఎంతగా ఇష్టపడిందంటే, 1970 నాటికి అమెరికాలోని సంకర మొక్కజొన్న విస్తీర్ణంలో సుమారు 85 శాతం ఈ ఒక్క సైటోప్లాజం మీదనే ఆధారపడి ఉన్నది.

హెచ్చరిక ముందే వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో మెర్కాడో, లాంటికాన్ 1961లోనే ఈ సైటోప్లాజం గల మొక్కలు మేడిస్ ఆకుఎండు తెగులుకు అధికంగా లోనవుతున్నాయని నివేదించారు. అది ఉష్ణమండలపు సమస్యగా భావించబడింది. 1970లో ఆ శిలీంధ్రపు కొత్త తెగ, టి-తెగ, ఫ్లోరిడాలో ఆరంభమై తేమగాలులతో ఉత్తరానికి పయనించి వేసవి ముగిసేలోగా మొక్కజొన్న మండలమంతటా వ్యాపించింది. దేశం మొత్తం దిగుబడిలో సుమారు 15 శాతం నష్టమైంది. విలువలో అది సుమారు 100 కోట్ల డాలర్లు. దక్షిణాదిన కొన్ని పొలాలలో కోయడానికి ఏమీ మిగలలేదు. సాధారణ సైటోప్లాజం గల మొక్కలు అదే గాలిలో, అదే పొలంగట్టు పక్కన నిలబడి స్వల్ప మచ్చలతో బయటపడ్డాయి.

ఎందుకు? మిల్లర్, కోయెప్ 1971లో రెండు రకాల మొక్కల నుండి మైటోకాండ్రియాను వేరుచేసి పరీక్షనాళికలో శిలీంధ్ర విషాన్ని కలిపారు. సాధారణ మొక్కల మైటోకాండ్రియాకు ఏమీ కాలేదు. టెక్సాస్ మైటోకాండ్రియా ఉబ్బిపోయి, శ్వాసక్రియ నడుస్తున్నా ఏ.టి.పి. తయారుకాని స్థితికి చేరింది. కేంద్రక జన్యువులు ఒకటే అయినా, సైటోప్లాజం తేడాతోనే రోగ నిరోధకత తారుమారైందని ఈ చిన్న ప్రయోగం తేల్చింది.

మిగిలిన కథ 1986లో డ్యూయీ, లెవింగ్స్, టిమొతీ విప్పారు. టెక్సాస్ మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.లో ఒకచోట పాత ముక్కలు తారుమారై అతుక్కొని, అంతకుముందు ప్రపంచంలో ఎక్కడా లేని ఒక జన్యువు ఏర్పడింది. దానికి టి-అర్ఫ్13 అని పేరు. అది తయారుచేసే 115 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ మైటోకాండ్రియా లోపలి పొరలో ఇమిడి ఉంటుంది. శిలీంధ్ర విషం వచ్చి దానికి తగులుకొనగానే ఆ పొరలో రంధ్రాలు తెరుచుకుంటాయి, కాల్షియం, ఎన్.ఏ.డి. వంటివి బయటికి కారిపోతాయి. పొరకు ఇరువైపుల ఉండవలసిన విద్యుత్ విభవం కూలిపోతుంది. కట్ట తెగిన చెరువు కింద తూములను సరిచేసి ప్రయోజనం ఏముంటుంది? ఈ జన్యువును బ్యాక్టీరియాలో ప్రవేశపెడితే ఆ బ్యాక్టీరియా సైతం విషానికి లోనయింది. 1988లో వెలువడిన ఈ ఫలితంతో సందేహాలు తీరిపోయాయి.

పుప్పొడి రాకపోవడానికీ, తెగులు రావడానికీ కారణం ఒకే ప్రోటీన్ అని ఎలా తెలిసింది? అది కణజాల వర్ధనం వలన తెలిసింది. గెంగెన్‌బాక్, గ్రీన్, డోనోవన్ 1977లో టెక్సాస్ మొక్కల కణజాలాన్ని విషం కలిపిన మాధ్యమంలో పెంచి, బ్రతికిన కణాల నుండి మొక్కలను పునరుత్పత్తి చేశారు. ఆ మొక్కలు తెగులును తట్టుకున్నాయి. వాటి మగ కంకులలో పుప్పొడి కూడ నిండింది. వంధ్యత్వాన్ని నిలుపుకొని నిరోధకతను మాత్రమే పొందాలన్న ప్రజననకారుల ఆశ అక్కడితో ముగిసింది. తరువాత పరిశీలిస్తే అటువంటి మొక్కలలో టి-అర్ఫ్13 లోపించడమో, చెడిపోవడమో జరిగినట్లు తేలింది.

ఇందులో విద్యార్థులు తరచుగా గమనించని అంశం ఒకటి ఉన్నది. ఈ ప్రోటీన్ వేరులో, ఆకులో, కండెలో, అన్ని భాగాలలోను ఉంటుంది. అయినా విషం లేనప్పుడు కూలిపోయేది టపీటం ఒక్కటే. దీనికి రెండు వివరణలున్నాయి. 40 రెట్లు పెరగవలసిన మైటోకాండ్రియా ఆ లోపంతో భారాన్ని మోయలేకపోతుందన్నది ఒకటి. పరాగకోశంలో మాత్రమే ఉండే ఏదో పదార్థం శిలీంధ్ర విషంలాగ ఆ ప్రోటీన్‌కు తగులుకుంటుందన్నది రెండవది. మెథోమిల్ అనే పురుగుమందు నిర్మాణంలో శిలీంధ్ర విషానికి ఏ పోలికా లేకపోయినా టెక్సాస్ మొక్కలను మాత్రమే సరిగ్గా అదే విధంగా మాడ్చివేయడం రెండవ వివరణకు కొంత బలాన్నిస్తుంది. నేను మొదటిదాని వైపే మొగ్గుతాను. పునరుద్ధారక జన్యువులు కూడ ఈ విషయంలో ఆలోచింపజేస్తాయి. ఆర్ఎఫ్1 ఆ ప్రోటీన్ పరిమాణాన్ని తగ్గిస్తుంది. ఆర్ఎఫ్2 ప్రోటీన్ జోలికి పోదు; అది మైటోకాండ్రియాలో ఆల్డిహైడ్లను తొలగించే ఎంజైమును మాత్రమే తయారుచేస్తుంది. రెండూ ఉంటేనే పుప్పొడి వస్తుంది. అయినప్పటికీ రైతు పొలంలో పుప్పొడితో కళకళలాడిన సంకరం 1970లో తెగులుకు బలైంది. పుప్పొడి తిరిగి వచ్చినంత మాత్రాన తెగులు బెడద తొలగలేదు.

రెండు, మూడు సంవత్సరాలలో అమెరికా పరిశ్రమ సాధారణ సైటోప్లాజానికి, చేతితో మగ కంకులు తీసే పద్ధతికి మరలిపోయింది. అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీ 1972లో ప్రధాన పంటల జన్యు బలహీనతపై నివేదిక ప్రచురించింది.

మన విత్తన క్షేత్రాలకు ఇది ఎంతవరకు వర్తిస్తుంది

మన దేశంలో సంకర వరి అత్యధిక భాగం డబ్ల్యూఏ సైటోప్లాజం మీద ఆధారపడి ఉన్నది. 1970లో చైనాలోని హైనాన్ ద్వీపంలో దొరికిన ఒక అడవి వరి మొక్క దీనికి మూలం. 1994లో ఆంధ్రప్రదేశ్‌లో విడుదలైన ఎ.పి.హెచ్.ఆర్-1, ఎ.పి.హెచ్.ఆర్-2 ఈ సైటోప్లాజం గలవే. అవిభక్త కరీంనగర్, వరంగల్ జిల్లాలలో ఆడ వరుసలు, మగ వరుసలు నాటి, పూత సమయంలో తాడు లాగి పుప్పొడి రాల్చే వేలాది ఎకరాల విత్తన క్షేత్రాలు దీని మీదనే బ్రతుకుతున్నాయి. కనుక టెక్సాస్ చరిత్ర చదివిన ప్రతి విద్యార్థీ మనకూ అటువంటి ప్రమాదం ఉన్నదా అని అడగడం సహజం.

భయం నిరాధారం కాదు, కాని రెండు సందర్భాలు సమానమూ కావు. వరిలో వంధ్యత్వానికి కారణమైన డబ్ల్యూఏ352 ప్రోటీన్ మైటోకాండ్రియాలోని కాక్స్11 అనే ప్రోటీన్‌ను అడ్డుకొని, టపీటాన్ని సమయానికి ముందే నశింపజేస్తుందని చైనా పరిశోధకులు 2013లో చూపారు. ముఖ్యమైన తేడా ఏమిటంటే ఈ ప్రోటీన్ టపీటంలోనే, అదీ ఒక నిర్ణీత దశలోనే పోగుపడుతుంది. ఆకులో అది పేరుకొనకపోవడం వలన ఆకు తెగులు శిలీంధ్రానికి తలుపు తెరిచే అవకాశం తక్కువ. దశాబ్దాలుగా కోట్ల ఎకరాలలో సాగవుతున్నా టెక్సాస్ వంటి విపత్తు సంభవించకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. అయినా సైటోప్లాజ వైవిధ్యాన్ని పెంచే ప్రయత్నాలను ఖర్చు పేరిట వాయిదా వేయడం నాకు సమ్మతం కాదు. 1961 నాటి ఫిలిప్పీన్స్ నివేదికను పక్కన పెట్టినవారు కూడ ఖర్చు లెక్కే చూశారు.

వంధ్య జనకాలపై కనిపించే ప్రతి తెగులునూ మైటోకాండ్రియాకు అంటగట్టడం కూడ పొరపాటే. సజ్జ ఇందుకు ఉదాహరణ. 1965లో విడుదలైన హెచ్.బి.-1, దాని తరువాత వచ్చిన సంకరాలు టిఫ్ట్ 23ఏ అనే ఒకే వంధ్య జనకంపై నిర్మించబడ్డాయి. 1970 దశకం ఆరంభంలో వెర్రికంకి తెగులు వాటిని తుడిచిపెట్టినప్పుడు టెక్సాస్ ఉదంతం తాజాగా ఉండడం వలన సైటోప్లాజాన్నే అనుమానించారు. ఒకే కేంద్రక జన్యువులను వంధ్య, సాధారణ సైటోప్లాజాలలో పోల్చిచూడగా తెగులులో తేడా కనిపించలేదు. దోషం కేంద్రక జన్యువుల ఏకరూపతది.

సజ్జలో తేనెబంక తెగులు సంగతి మరొకటి. ఈ శిలీంధ్రం కీలాగ్రం ద్వారా ప్రవేశిస్తుంది. పుప్పొడి పడిన కొద్ది గంటలలోనే కీలాగ్రం ముడుచుకొని వాడిపోయి దారి మూసుకుంటుంది. సొంత పుప్పొడి లేని ఆడ వరుసలో, మగ వరుస పూత ఆలస్యమైతే, కీలాగ్రాలు రోజుల తరబడి తెరుచుకొనే ఉంటాయి. ఇక్కడ రోగ నిరోధకతను ఇచ్చేది పుప్పొడియే. వరిలోనూ ఇటువంటిదే చూస్తాము: వంధ్య జనకం వెన్ను పోటాకు తొడిమలో నుండి పూర్తిగా వెలువడదు కనుక పొట్టకుళ్ళు తెగులు దానికి ఎక్కువ. జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారి వెన్నును బయటకు తెచ్చి ఈ తెగులుకు అవకాశాన్ని కొంత తగ్గిస్తుంది. ఇరు వరుసల పూత సమయం కలపడం విత్తన దిగుబడికి ఎంత ముఖ్యమో తెగుళ్ళ నివారణకూ అంతే ముఖ్యం.

చక్కెర తలుపు

బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి బి.పి.టి. 5204ను ఎరుగని తెలుగువారు అరుదు. దాని బలహీనత బ్యాక్టీరియా ఎండాకు తెగులు. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలనాలయం, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం కలిసి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను అందులో చేర్చి రూపొందించిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. మన చర్చకు ఇందులో రెండు జన్యువులు నేరుగా సంబంధించినవి.

ఎక్స్ఏ13 స్థానంలోని సాధారణ జన్యువు కణం నుండి చక్కెరను బయటికి పంపే ద్వారం. దాని సహజమైన పని పుప్పొడికి ఆహారం అందించడంలో ఉన్నది. ఆ జన్యువును అణచివేస్తే పుప్పొడి చెడిపోతుందని 2006లో తేలింది. ఆకులో ఈ ద్వారం సాధారణంగా దాదాపు మూసి ఉంటుంది. బ్యాక్టీరియా తన ప్రోటీన్ ఒకదానిని వరి కేంద్రకంలోకి పంపి, ఈ జన్యువు ముందుభాగంలో అతుక్కొనేలా చేసి, ఆకులోనే తలుపు తెరిపిస్తుంది. కారిన చక్కెర దాని ఆహారం. నిరోధక రూపంలో మార్పు జరిగింది సరిగ్గా ఆ ముందుభాగంలోనే: బ్యాక్టీరియా ప్రోటీన్‌కు పట్టు దొరకదు, కాని పరాగకోశంలో ద్వారం పని మామూలుగా సాగుతుంది. మగ అవయవానికి అవసరమైన శక్తి సరఫరా మార్గాన్నే రోగకారకం ఆకులో దొంగిలించుకుంటున్నదని ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

వయస్సు

ఎక్స్ఏ21 కథ వయస్సుకు సంబంధించినది. అడవి వరి ఒరైజా లాంజిస్టామినాటా నుండి వచ్చిన ఈ జన్యువును 1995లో వేరుచేశారు. ఇది ఉన్న మొక్క కూడ లేత నారు దశలో తెగులుకు లోనవుతుంది. ఆకులు పెరిగేకొలది నిరోధకత క్రమంగా బలపడి పెరిగిన మొక్కలో పూర్తి స్థాయికి వస్తుంది. కనుక నారుమడిలో, నాటిన తొలి వారాలలో ఈ ఒక్క జన్యువును నమ్ముకొనరాదు. మూడు జన్యువులను కలపడంలో ఒక ఔచిత్యం ఇది. ముదిరి పొడవెక్కిన నారు కొనలు తుంచి నాటే అలవాటు మన మండలాలలో ఇంకా ఉన్నది. పరిశోధన క్షేత్రంలో ఈ తెగులును కృత్రిమంగా కలిగించడానికి వాడే పద్ధతి బ్యాక్టీరియా ద్రావణంలో ముంచిన కత్తెరతో ఆకు కొన కత్తిరించడమే. రైతు కొడవలితో చేసేదీ అదే. తెగులు వచ్చే ప్రాంతాలలో కొనలు తుంచడం మానుకోవాలి.

మరొక చివర ముసలితనం. గింజ కట్టే దశలో మొక్క తన ఆకులను తానే విప్పి ఇస్తుంది. మొదట హరితరేణువులు కరుగుతాయి. వాటిలోని నత్రజని గింజకు పోతుంది. మైటోకాండ్రియా మాత్రం దాదాపు చివరివరకు చెక్కుచెదరదు, ఎందుకంటే ఆ తరలింపుకు కావలసిన శక్తి అక్కడి నుండే రావాలి. ఈ దశలో ఆడ అవయవానికి అయ్యే ఖర్చు మగ అవయవపు ఖర్చును ఎన్నో రెట్లు మించిపోతుంది. టపీటం కొద్ది రోజులే అడుగుతుంది. గింజ నెల రోజులకు పైగా అడుగుతుంది.

ఈ ఖర్చు భారం ఎక్కడ పడుతుందో మొక్కజొన్నలో పూత అనంతరం వచ్చే కాండం కుళ్ళు తెగుళ్ళు చూపుతాయి. డాడ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970 దశకం చివర ప్రతిపాదించిన సిద్ధాంతం సస్యశాస్త్రజ్ఞులందరూ తెలుసుకొనదగినది. నీటి ఎద్దడి వలననో, మబ్బుల వలననో, ఆకు తెగులు వలననో కిరణజన్య సంయోగక్రియ తగ్గినప్పుడు గింజ తన వాటాను తగ్గించుకొనదు. కాండంలో నిల్వ ఉన్న చక్కెర గింజకు పోతుంది; వేరుకు అందేది తగ్గిపోతుంది. ఆకలిగొన్న వేరు కణాలు త్వరగా ముసలివై రక్షణ పదార్థాలను తయారుచేయలేని స్థితికి చేరతాయి. నేలలో ఎప్పుడూ ఉండే శిలీంధ్రాలు అప్పుడు లోపలికి వస్తాయి. ఇందుకు రుజువు సులభం: కండె కట్టని గొడ్డు మొక్కలు, కండె తీసివేసిన మొక్కలు అదే సాలులో కాండం కుళ్ళకుండా పచ్చగా నిలబడతాయి. ఎక్కువ గింజలు కట్టి, తరువాత ఎద్దడికి గురైన మొక్కే మొదట పడిపోతుంది.

రబీ జొన్నలో మసికుళ్ళు తెగులు ఇదే కోవకు చెందినది. నల్లరేగడిలో నిల్వ తేమపై పెరిగే పైరుకు గింజ నిండే సమయానికి తేమ అడుగంటుతుంది. మాక్రోఫోమినా శిలీంధ్రం అప్పుడు కాండంలో పైకి పాకుతుంది. పూత తరువాత కూడ ఆకు పచ్చగా నిలుపుకొనే గుణం ఉన్న రకాలు పడిపోకుండా నిలబడడానికి కారణం ఆకు ఇంకా చక్కెర తయారుచేస్తూ వేరును పోషించడమే. రైతు కంటికి ఆకు ఎండిన జొన్న చేను కోతకు సిద్ధమైన మంచి చేనుగా కనిపిస్తుంది కనుక పచ్చదనం గుణాన్ని క్షేత్రస్థాయిలో వివరించవలసి ఉంటుంది.

కాబట్టి కాండం కుళ్ళుకు మందు పిచికారి గురించి అడిగే రైతుకు చెప్పవలసిన సమాధానం మందు పేరు కాదు. మొక్కల సాంద్రత సిఫారసును మించరాదు. ఎక్కువ మొక్కలంటే ఒక్కొక్క మొక్కకు తక్కువ వెలుతురు. పూత నుండి పాలు పోసుకొనే దశ వరకు ఒక్క తడి కూడ తప్పరాదు. నత్రజని మాత్రమే వేసి పొటాష్ మానివేయరాదు. పొటాష్ కొరత ఉన్న కాండం త్వరగా మెత్తబడుతుంది. ఆకుఎండు తెగులును అదుపులో ఉంచితే కాండం కుళ్ళు కూడ తగ్గుతుంది, ఎందుకంటే ఆకు పోగొట్టుకున్న చక్కెరకు బదులు చెల్లించేది కాండమే. గింజ ముదిరిన తరువాత చేనులో అక్కడక్కడ సాళ్ళలో నడిచి, మొక్కలను భుజం ఎత్తున పక్కకు కొద్దిగా వంచి చూడాలి. నూటికి పది, పదిహేను మొక్కలు తిరిగి నిలబడకపోతే ఆ చేనును మిగిలిన చేలకంటె ముందుగా కోయించి, గింజను కళ్ళంలో ఆరబెట్టుకోవాలి.